ట్యాగ్ మీద నంబరు ఓసారి చదివి చూడండి

మా దగ్గర కుక్కలకీ పిల్లులకీ కాలర్లు, పేరు ట్యాగులు చేయించుకున్న అందరికీ. తప్పిపోయి, వాటంతట అవే ఇల్లు చేరిన జంతువుల కథలు మీలో చాలామంది నాకు పంపుతుంటారు, కింద "మావాడూ ఇలాగే వచ్చేస్తాడు, ఇంక ట్యాగ్ ఎందుకండీ" అని ఒక నవ్వు బొమ్మ. ఆ కథలంటే నాకూ ఇష్టమే. బాబీ అనే కుక్క 1923లో అమెరికాలోని ఇండియానాలో ప్రయాణం మధ్యలో తప్పిపోయి, ఆరు నెలలకి, 1924 ఫిబ్రవరిలో, ఒరెగాన్‌లోని సిల్వర్టన్‌లో తన ఊరు చేరింది. దూరం 4,000 కిలోమీటర్ల పైమాటే, అదీ చలికాలంలో. వచ్చేసరికి బక్కచిక్కి, పాదాలు అరిగిపోయి ఉంది.

కానీ నాకు బాగా గుర్తుండేది హోలీ అనే పిల్లి కథ. 2012 నవంబర్‌లో ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌లో తప్పిపోయి, దాదాపు 300 కిలోమీటర్లు దాటి రెండు నెలలకి వెస్ట్ పామ్ బీచ్ దాకా వచ్చేసింది. అయితే ఇంటికి ఇంకో మైలు ఉందనగా ఓపిక అయిపోయి ఎవరిదో పెరట్లో ఆగిపోయింది. వాళ్లు చేరదీసి వెటర్నరీ డాక్టర్ దగ్గరికి తీసుకెళితే, చర్మం కింద పెట్టిన చిప్‌ని స్కాన్ చేసి, అందులోని నంబరుతో అసలు ఇంటివాళ్లని పట్టుకున్నారు. అంత దూరం నడిచొచ్చిన పిల్లికి కూడా చివరి మైలు నంబరే దాటించింది.

పైగా ఇవి వార్తల్లోకి ఎక్కింది అరుదు కాబట్టే. 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో, దొరికిన పిల్లుల్లో ముప్పావు వంతు తప్పిపోయిన చోటికి 500 మీటర్ల లోపే ఉన్నాయి. అంటే పక్కింటి మెట్ల కిందో, షెడ్డు వెనకో నక్కి, మీరు పేరు పెట్టి పిలిచినా కిక్కురుమనకుండా కూర్చుంటాయి. ముందు అక్కడ, టార్చ్ వేసి వెతకండి.

చిప్ గురించి అడిగేవాళ్లకి: అది జీపీఎస్ కాదు, ఫోన్‌లో కనపడదు. బియ్యపు గింజంత ఉంటుంది, బ్యాటరీ ఉండదు, స్కానర్ దగ్గర పెడితే 15 అంకెల నంబరు చెబుతుంది, అంతే. ఆ నంబరు కింద మీ పాత ఫోన్ నంబరే నమోదై ఉంటే చిప్ ఉన్నా లేనట్టే.

ఇక మా సంగతి. మొన్న రిపేరుకి వచ్చిన ఒక అల్యూమినియం ట్యాగ్ మీద 8 కాస్తా 3 లాగా అరిగిపోయింది, గిన్నె అంచుకి రోజూ రాసుకుని రాసుకుని. అందుకని కుక్కలకి వేలాడే ట్యాగులు ఆపేస్తున్నాను, ఇకమీదట కాలర్‌కే అతికి ఉండే స్టీలు పలకలే. పిల్లుల కాలర్ ఊరికే ఊడిపోతోందని కొందరు విసుక్కుంటున్నారు. అది ఎక్కడైనా ఇరుక్కుంటే మెడకి ఉరి పడకుండా ఊడేలా చేసిందే, మార్చను.

అరిగిపోయిన నంబరు ఉంటే పంపండి, ఎక్కడ కొన్నదైనా సరే, ఉచితంగా మళ్లీ చెక్కి ఇస్తాను. మెషీన్ ఒకటే, చెక్కేదీ నేనే, కాబట్టి కాస్త ఆలస్యం అవుతుంది, టెన్షన్ పడకండి. రెండు నంబర్లు ఇవ్వండి, అందులో ఒకటైనా తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చినా ఎత్తే మనిషిది కావాలి.