రేసింగ్ కిట్ అని అమ్మి, రేసింగ్‌కి వాడినందుకు వారంటీ లేదన్న క్లచ్ గురించి ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మీరు అమ్మిన హైడ్రాలిక్ క్లచ్ కిట్ లోపాలు, వాపసు కోరడం గురించి

అయ్యా,

పాలకొల్లులో నాకు చిన్న కార్ల గ్యారేజీ ఉంది. రొయ్యల చెరువుల వాళ్ల బొలెరోలు, పెళ్లిళ్ల సీజన్లో తిరిగే అద్దె కార్లతో రోజు గడుస్తుంది. ఇష్టం కొద్దీ చేసే పని ఇంకొకటుంది, పావు మైలు డ్రాగ్ రేసులకు, అంటే 402 మీటర్ల పరుగుకు, కార్లు తయారు చేయడం. మా వైపు పందెం అంటే కోడిపందెమే గుర్తొస్తుంది కాబట్టి ముందే చెబుతున్నాను. ఇవి గోదావరి గట్టు మీదో హైవే మీదో పెట్టే పందేలు కావు, అనుమతితో ట్రాక్ మీద జరిగేవి.

కారు మారుతి ఎస్టీమ్, భీమవరం కుర్రాడిది. దానికి కంపెనీ ఇచ్చింది పెడల్ తొక్కితే తీగ లాగే కేబుల్ క్లచ్. ఇంజిన్ పవర్ పెంచాక క్లచ్ ప్లేట్‌ని ఒత్తి పట్టే పాత ప్రెజర్ ప్లేట్ ఆగలేదు, గట్టిది వేశాం. దాంతో పెడల్ బిగుసైపోయింది. ఒకణ్ణి సీట్లో కూర్చోబెట్టి పెడల్ తొక్కిస్తూ నేను బానెట్ వైపు నుంచి చూస్తే, కేబుల్ ఆనుకునే చోట ఫైర్‌వాల్ రేకు, అంటే ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ, కళ్లముందే వంగుతోంది. తొక్కిన తొక్కుడులో కొంత రేకు వంచడానికే పోతోందన్నమాట. అక్కడ ఒక ప్లేటు వెల్డింగ్ చేసి లావు కేబుల్ వేయడం ఒక దారి, తీగ బదులు ఆయిల్ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్‌కి మారడం ఇంకో దారి. ఏది మంచిదో అడుగుదామనే మీ టెక్నికల్ నంబరుకి ఫోన్ చేశాను.

మీ మనిషి అడిగింది ఒక్కటే, కారు ఏ మోడల్ అని. ప్రెజర్ ప్లేట్ ఏది, క్లచ్ పూర్తిగా విడవడానికి దాని ఫోర్కు (లివరు) ఎంత కదలాలి, పెడల్ దగ్గర రాడ్ ఎంత నడుస్తుంది, ఇవేవీ అడగలేదు. కేబుల్ లాంటి మెకానికల్ క్లచ్ పాతకాలం పద్ధతని, రేసింగ్‌కి కళ్లు మూసుకుని హైడ్రాలిక్ వేసుకోమని చెప్పి, 'రేసింగ్' అని పెద్ద అక్షరాలతో ఉన్న డబ్బా పంపారు.

గ్యారేజీలో అంతా బాగానే ఉంది. పెడల్ మెత్తగా దిగింది, కుర్రాడు సంబరపడ్డాడు. ఐదొందల కిలోమీటర్లు దాటి చెన్నై దగ్గరి ట్రాక్‌కి తీసుకెళ్లాక అసలు సంగతి బయటపడింది. లైటు పడగానే క్లచ్ వదిలితే ఇంజిన్ అరుస్తోంది గానీ కారు కదలదు. కాసేపాగి అప్పుడు పట్టుకుంటోంది. సెకండ్ గేరుకి మార్చినా అదే తంతు. మూడో పరుగు లేకుండానే కాలిన వాసన.

ఇంటికొచ్చి విప్పితే క్లచ్ ప్లేట్ అద్దంలా నున్నగా అయిపోయింది, ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు. క్లచ్ దగ్గర ఫోర్కుని తోసే స్లేవ్ సిలిండర్‌లోకి ఆయిల్ వెళ్లే చోట బోల్టు తీసి చూస్తే, లోపల సన్నటి బెజ్జం ఉన్న చిన్న ఇత్తడి ముక్క కనిపించింది. దాన్ని ఉన్నచోటే ఉంచి పెడల్ తొక్కి వదిలాం. పెడల్ టక్కున పైకొచ్చేసింది, స్లేవ్ రాడ్ మాత్రం తాపీగా వెనక్కి వచ్చింది. ముక్క తీసేసి చూస్తే రెండూ ఒకేసారి వచ్చాయి.

ఆ ముక్క రోడ్డు కార్లకు మంచిదే. డ్రైవరు క్లచ్ ఒక్కసారిగా వదిలేసినా బండి ఎగరకుండా, గేర్‌బాక్స్‌కి దెబ్బ తగలకుండా ఆయిల్‌ని నెమ్మదిగా వెనక్కి రానిస్తుంది. డ్రాగ్‌లో కావాల్సింది దానికి పూర్తిగా వ్యతిరేకం. కాలు తీసిన క్షణంలో క్లచ్ పట్టుకోవాలి. మీ కాగితంలో దాని గురించి ఒక్క అక్షరం లేదు.

ఇక సిలిండర్ల లెక్క. పెడల్ దగ్గర ఆయిల్‌ని తోసే మీ మాస్టర్ సిలిండర్ లోపలి వ్యాసం 15.87 మి.మీ., అంటే సుమారు 198 చదరపు మి.మీ. మా పెడల్‌కి రాడ్ 30 మి.మీ. నడుస్తుంది. కాబట్టి అది తోసే ఆయిల్ 6 సీసీకి లోపే. స్లేవ్ 22.2 మి.మీ., దాని వైశాల్యం 387. ఎంత తొక్కినా స్లేవ్ రాడ్ సుమారు 15 మి.మీ. దాటి కదలదు. మా ప్రెజర్ ప్లేట్ పూర్తిగా విడవడానికి 17 కావాలి. గేరు పడేటప్పుడు కర్‌మనడానికి కారణం ఇదే. ఈ మాట చెబితే 19 మి.మీ. మాస్టర్ కొనుక్కోమన్నారు. అప్పుడు కదలిక 22 దాకా పోతుంది. పెడల్‌కి అడ్డం కట్టకపోతే ప్రెజర్ ప్లేట్‌లోని డయాఫ్రమ్ స్ప్రింగ్ వేళ్లు వంగిపోతాయి, పెడల్ కూడా దాదాపు ఒకటిన్నర రెట్లు బరువెక్కుతుంది. ఆ హెచ్చరిక కూడా మీవాళ్ల నోట రాలేదు. కిట్ అమ్మేవాళ్లు చేయాల్సిన లెక్క కొన్నవాడు కాగితం, పెన్సిల్ పట్టుకుని చేసుకోవాలా?

నా మెయిల్‌కి మీరిచ్చిన జవాబు ఇంకా విచిత్రం. కోస్తా తేమకి, హైడ్రాలిక్ క్లచ్‌లో పోసే బ్రేక్ ఆయిల్ పాడైందట. బ్రేక్ ఆయిల్ తేమ పీలుస్తుందని డెల్టాలో పనిచేసే మెకానిక్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు, వానాకాలంలో సగం వాడిన డబ్బా మేం షెల్ఫులో ఉంచం. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి దిగుతుంది, అదీ నిజమే. అయితే ఆయిల్ మరిగి ఆవిరైతే పెడల్ స్పాంజిలా దిగిపోయి క్లచ్ విడవదు. గేరు కర్‌మనేది సిలిండర్ల సైజు లోపం, ఆయిల్‌ది కాదు. ప్లేటు కాల్చింది విడవకపోవడం కాదు, వదిలాక పట్టుకోకపోవడం. రోగం ఒకటైతే మందు ఇంకోటి రాశారు.

అదే మెయిల్ చివర్లో, రేసింగ్‌కి వాడారు కాబట్టి వారంటీ వర్తించదన్నారు. డబ్బా ఫోటో జతచేశాను, మీరే ఒకసారి చదువుకోండి.

హైడ్రాలిక్ చెడ్డదని నేననను. రాడ్లు, బెల్ క్రాంకులతో (మలుపు లివర్లతో) నడిచే క్లచ్ ఉన్న పెద్ద ఇంజిన్ కార్లలో, లాంచ్‌లో ఇంజిన్ మౌంటింగ్‌ల మీద ఊగితే లింకేజీ పట్టేస్తుంది. అక్కడ హోసు పైపే హాయి. పైగా ప్లేట్ అరిగే కొద్దీ అడ్జస్ట్‌మెంట్ తనే చూసుకుంటుంది. కేబుల్‌కి ఎయిర్ తీసే బాధ లేదు, పరుగుకీ పరుగుకీ మధ్య రెండు స్పానర్లతో ప్లే సరిచేసుకోవచ్చు, తెగే ముందు చాలాసార్లు పోగులు లేచి కంటికి కనిపిస్తుంది. మా కారుకి చివరికి ఫైర్‌వాల్ బలపరిచి లావు కేబులే వేశాం. మొదటి ఫోన్లోనే సరిగ్గా అడిగి ఉంటే ఈ సలహా మీరే ఇచ్చేవారు.

కిట్ డబ్బు, పాడైన క్లచ్ ప్లేట్ ఖరీదు, ఫ్లైవీల్ ఫేసింగ్ చేయించిన లేత్ షాపు బిల్లు మొత్తం తిరిగి ఇవ్వాలి. ఇకపై పంపే కాగితంలో రెండు సిలిండర్ల సైజులు, ఆ ఇత్తడి ముక్క సంగతి, దాన్ని ఎప్పుడు తీసేయాలో తెలుగులో కూడా అచ్చు వేయాలి. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తాను, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవాడు ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు, మీ ఊరు రానక్కర్లేదు. గ్యారేజీ వాడు వినియోగదారుడు కాడని మీ లాయరు అంటారేమో, బతుకుతెరువు కోసం స్వయంగా చేసుకునే పనికి చట్టంలో మినహాయింపు ఉంది.

కిట్ మొత్తం కొరియర్‌లో వెనక్కి పంపమని మీవాళ్లు అడుగుతున్నారు. డబ్బు వచ్చాక పంపుతాను. ఇత్తడి ముక్క, కాలిన ప్లేటు మాత్రం నా దగ్గరే ఉంటాయి. మీ ఇంజనీరు ఏ పనిదినమైనా వచ్చి చూడవచ్చు, కొలవవచ్చు.

ఇట్లు,
గ్యారేజీ యజమాని,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా

జతపరిచినవి: బిల్లు నకలు, డబ్బా ఫోటో, ఫ్లైవీల్ ఫోటోలు, లేత్ షాపు రసీదు, మీ మెయిల్ ప్రతి