ఒక్క టెలీ చాలురా కిట్టూ

హైదరాబాద్,
మార్చి, ఆదివారం పొద్దున

ఒరేయ్ కిట్టూ,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలు దాటింది. ఆలస్యానికి ముందు తిట్టుకో, తర్వాత చదువు. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, చిన్నికి పదో తరగతి పరీక్షలు, ఎదురింటివాళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. విశేషాలు అంతే. ఇవాళ నల్లా రోజు. నీళ్లు వదిలేలోగా రాసెయ్యాలి, ఎందుకంటే నీ ఉత్తరం చివర్లో రాసిన మాట నన్ను కుదురుగా ఉండనివ్వట్లేదు.

"స్ట్రాట్ ఉంది, టెలీ ఉంది, ఎస్‌జీ ఉంది, లెస్ పాల్ ఒక్కటి వస్తే సెట్ పూర్తి" అన్నావు, ఎలక్ట్రిక్ గిటార్ల సెట్. పూర్తి కాదురా! లెస్ పాల్ వచ్చిన ఆర్నెల్లకు లోపల సగం బోలుగా ఉండే సెమీ హాలో కావాలనిపిస్తుంది. ఇది అచ్చంగా మన రెండో ఇడ్లీ సంగతే, ఒకటి తినగానే ఇంకోటి కావాలనిపిస్తుంది.

కొనకు. టెలీ ఒక్కటే పట్టుకో. బదిలీ మీద వచ్చే నెల ఎలాగూ ఇక్కడికి వస్తున్నావు, చిన్న ఇల్లు చూసుకున్నావు, అన్నీ కలిసొచ్చాయి.

ఎందుకంటే, చెయ్యి ఒక్క కొలతకే అలవాటు పడుతుంది. వేళ్లు నొక్కే నెక్ పైచివర ఉండే నట్ నుంచి, అడుగున తీగలు ఆనే బ్రిడ్జ్ దాకా తీగ మోగే పొడవు టెలీకి 648 మిల్లీమీటర్లు, ఎస్‌జీకీ లెస్ పాల్‌కీ దాదాపు 628. అవే పది నంబరు తీగలు, అదే శ్రుతి, కానీ పొడవు గిటార్ మీద బిగువు ఎక్కువ. టెలీకి అలవాటైన వేలు ఎస్‌జీ మీద అదే బలంతో తీగ లాగితే స్వరం దాటిపోతుంది. నువ్వు గమకం వాయించేవాడివి, నీకు ఇది పెద్ద తేడా. పైగా ఎస్‌జీ నెక్ ఎడమకి సాగినట్టు ఉంటుంది, మొదటి ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు గీత) దూరంగా తగులుతుంది. గిటార్ మార్చిన ప్రతిసారీ మొదటి అరగంట చెయ్యి సర్దుకోడానికే పోతుంది. మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ గారిని చూడు, జంట తీగలు వదిలేసి ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకున్నారు, కచేరీలన్నీ దాని మీదే. ఆయన చేతికి ఆ కొలత ఎంత...

సరే, టెలీయే ఎందుకు? స్ట్రాట్ బ్రిడ్జ్ స్ప్రింగుల మీద తేలుతూ ఉంటే, ఒక్క తీగ తెగగానే మిగతా ఐదూ శ్రుతి తప్పుతాయి. శ్రుతి కిందికి దించుకుందామంటే అన్నీ మళ్లీ సరిచూడాలి. టెలీ బ్రిడ్జ్ కదలదు. లియో ఫెండర్ అసలు రేడియోలు బాగుచేసే మనిషి. 1950లో బ్రాడ్‌కాస్టర్ అని తెచ్చాడు, అది మా డ్రమ్ముల పేరని గ్రెచ్ కంపెనీ అభ్యంతరం చెబితే 1951లో టెలీకాస్టర్ అయింది. నాలుగు స్క్రూలు తీస్తే నెక్ ఊడి వస్తుంది, రెండు స్క్రూలు తీస్తే వైరింగ్ అంతా అరచేతిలో ఉంటుంది. దీని మీదే జేమ్స్ బర్టన్ కంట్రీ వాయించాడు, ఎడ్ బికర్ట్ జాజ్ వాయించాడు, జిమ్మీ పేజ్ లెడ్ జెపెలిన్ మొదటి ఆల్బమ్ చేశాడు. నీకు ఇష్టమైన మూడు దారులూ ఇందులోనే ఉన్నాయి. లోట్లు రెండు: ఊపే రాడ్ ఉండదు, అంచు పదును వల్ల ముంజేతికి ఒత్తుకుంటుంది.

"మరి ఆ బరువైన లెస్ పాల్ మోత?" అంటావు. ఇదిగో, అసలు ఇది చెప్పడానికే కూర్చున్నా. ఫోర్ వే స్విచ్ వేయించు! మామూలు మూడు మెట్ల స్విచ్‌లో మధ్య మెట్టు రెండు పికప్‌లనీ, అంటే తీగ కదలికని కరెంటుగా మార్చే కాయిళ్లని, పేరలల్‌లో కలుపుతుంది. నాలుగో మెట్టు సిరీస్‌లో కలుపుతుంది. ఒక్కో పికప్ 7 కిలో ఓమ్‌లు అనుకో, పేరలల్‌లో 3.5, సిరీస్‌లో 14. శబ్దం పెద్దదవుతుంది, మధ్య స్థాయి నిండుతుంది. లెస్ పాల్‌లో ఉండే హంబకర్ పికప్ అన్నా రెండు కాయిళ్లు సిరీస్‌లో ఉండటమే కదా. అచ్చం లెస్ పాల్ కాదు, కాయిళ్లు దూరంగా ఉన్నాయి కాబట్టి. కానీ బ్యాండ్‌లో వాయిస్తుంటే ఆ లోటు తెలియదు.

ఇక్కడే అందరూ తప్పు చేస్తారు, జాగ్రత్తగా చదువు. నెక్ పికప్ మీద మెరిసే లోహపు మూతని, కాయిల్ ఎర్త్ వైరుతో కలుపుతూ అడుగున చిన్న తీగముక్క ఉంటుంది. దాన్ని కత్తిరించి, మూతకి విడిగా ఇంకో వైరు టంకం వేసి, వాల్యూమ్ బొత్తాం కింది పాట్ వీపుకి ఎర్త్ చెయ్యాలి. అది చెయ్యకపోతే సిరీస్ మెట్టులో మూత కూడా సిగ్నల్‌లో భాగమవుతుంది, చెయ్యి తగిలితే బుయ్యిమంటుంది. కత్తిరించేటప్పుడు కాయిల్ తీగ జోలికి పోకు, అది వెంట్రుక కన్నా సన్నం. రెండు పికప్‌లు కలిపినప్పుడు శబ్దం బక్కచిక్కి ముక్కుతో పాడినట్టుంటే ఫేజ్ ఎదురైనట్టు, నెక్ కాయిల్ రెండు వైర్లూ అటూఇటూ మార్చు. స్విచ్ బిగించే కొన్ని ప్లేట్ల గాడిలో లివర్ చివరి మెట్టు దాకా పోదు, ఆకురాయితో కాస్త గీస్తే సరి.

స్విచ్ ఆన్‌లైన్‌లో తెప్పించాలి. మిగతావి కోఠీ గుజరాతీ గల్లీలో చూద్దాం: 102 అని రాసి ఉండే కెపాసిటర్ ఒకటి, 150 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి, అదే గోధుమ, ఆకుపచ్చ, పసుపు చారలది. ఈ రెంటినీ పక్కపక్కన కలిపి వాల్యూమ్ పాట్ ఇన్‌పుట్ కాలుకీ మధ్య కాలుకీ వేస్తే, వాల్యూమ్ తగ్గించినా మెరుపు పోదు. అప్పుడు ఆంప్‌ని (యాంప్లిఫయర్‌ని) కాస్త గరుకుగా పెట్టి వదిలెయ్, వాల్యూమ్ 6లో శుభ్రంగా, 10లో గరుకుగా. పెడల్ పని సగం ఆ బొత్తామే చేస్తుంది.

ఎర్ర స్ట్రాట్ సంగతి. అది మీ నాన్నగారు కొనిచ్చింది. దాన్ని అమ్మమని నేను ఎప్పటికీ అనను, అది గోడ మీద ఉండాలి, పండగలకి దించాలి. ఎస్‌జీ మాత్రం అమ్మెయ్.

ఇంకోటి. వైజాగ్ తేమలో ఉన్న చెక్క ఏప్రిల్‌లో ఇక్కడి ఎండకి వస్తుంది. ఫింగర్‌బోర్డ్ అడ్డంగా కుంచించుకుపోతుంది, ఫ్రెట్ల లోహం మాత్రం కుంచించదు, అందుకే అంచుల్లో మొనలు బయటికొచ్చి చేతికి గీసుకుంటాయి. వచ్చిన మర్నాడే ఆకురాయి పట్టుకోకు. మూడు నాలుగు వారాలు చెక్కని సర్దుకోనివ్వు, అప్పుడు అంచుకి టేపు అంటించి మొనలు మాత్రమే తీద్దాం. సెటప్ కూడా అప్పుడే. కొత్త తీగలు వేసి శ్రుతి చేశాక, మొదటి ఫ్రెట్‌కి తీగలన్నీ నొక్కి పట్టే కాపో క్లిప్ పెట్టి, చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి, ఎనిమిదో ఫ్రెట్ మీద సందు చూడు. 0.25 మిల్లీమీటర్ ఉండాలి. స్కూటర్ మెకానిక్‌లు వాడే ఫీలర్ గేజ్ రాణీగంజ్‌లో దొరుకుతుంది. నెక్ వంపు సరిచేసే ట్రస్ రాడ్ పావు చుట్టు మించి ఒక్కసారిగా తిప్పకు, మళ్లీ శ్రుతి చేసి కొలువు. తర్వాత 17వ ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. ఆ తర్వాతే ఇంటొనేషన్: 12వ ఫ్రెట్ నొక్కిన స్వరం అక్కడే తీగని తేలిగ్గా తాకి మోగించే హార్మోనిక్ కన్నా ఎక్కువుంటే శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగ ఆనే ముక్క) వెనక్కి, తక్కువుంటే ముందుకి. నీది మూడు శాడిళ్ల రకం, డీ, జీ తీగలు రెండూ ఒకే శాడిల్ మీద ఉంటాయి, ఒకటి కుదిరితే ఇంకోటి తప్పుతుంది. రెండు తీగలకీ విడివిడిగా సరిపోయేలా చేసిన కాంపెన్సేటెడ్ శాడిళ్లు వేస్తే ఆ తగాదా ఉండదు.

రొద గురించి కూడా. సింగిల్ కాయిల్ మన 50 హెర్ట్జ్ కరెంటుని వింటుంది. మెట్లు లేకుండా నున్నగా తిరిగే ఫ్యాన్ రెగ్యులేటర్ సగంలో ఉంటే జుయ్యిమని గోల, ఫ్యాన్ ఆపి చూడు. తీగల మీద చెయ్యి వేస్తే రొద తగ్గడం మామూలే. తీగ ముట్టుకుంటే జివ్వుమంటే మాత్రం వెంటనే చెయ్యి తీసి, గోడ దగ్గర ప్లగ్ పీకెయ్. అది గిటార్ లోపం కాదు, ఎర్తింగ్ సంగతి. కొత్త ఇంట్లో ముందు ఎలక్ట్రీషియన్‌తో అది చూపించాకే ఆంప్ పెట్టు. ఇందులో మొహమాటం వద్దు.

అయ్యో, జాక్ గురించి చెప్పనే లేదు! టెలీ పక్కన కేబుల్ గుచ్చే గిన్నెలాంటి జాక్ ఉంటుంది చూడు, దాని నట్టు వదులైతే లోపల జాక్ తిరిగి తిరిగి వైరు తెగుతుంది, కాబట్టి బిగించేటప్పుడు లోపల జాక్‌ని పట్టుకుని... నల్లా వచ్చింది, మోటార్ వెయ్యాలి. మిగతాది వచ్చాక. ఎస్‌జీ ఎవరికీ మాట ఇవ్వకు, మారేడ్‌పల్లిలో ఒక కుర్రాడు అడుగుతున్నాడు, నేను

ఉంటా,
నీ బుజ్జి