గల్ఫ్‌కు కిరాయి కాపలా

సంపాదకులకు,

పశ్చిమాసియాలో అమెరికాకున్న అతిపెద్ద సైనిక స్థావరం ఖతర్‌లోని అల్ ఉదైద్. అది ఆ దేశానికి రక్షణ అంటారు. అయినా 2025లో మూడు నెలలు తిరక్కముందే ఖతర్ మీద రెండు దాడులు జరిగాయి. జూన్ 23న ఇరాన్ ఆ స్థావరం మీదకే క్షిపణులు వదిలింది. ఇరాన్ కోపం ఖతర్ మీద కాదు, తన అణు కేంద్రాలపై బాంబులేసిన అమెరికా మీద. సెప్టెంబర్ 9న పాలస్తీనా సంస్థ హమాస్ నాయకుల కోసమని ఇజ్రాయెల్ ఏకంగా ఖతర్ రాజధాని దోహా మీదే బాంబులు వేసింది. మొదటి దాడి ఆ స్థావరం వల్లే వచ్చింది, రెండోదాన్ని అది ఆపలేదు. ఇక దాన్ని రక్షణ అని ఎందుకనాలి?

2019లో సౌదీలోని అబ్కైక్ చమురు కేంద్రంపై దాడి జరిగి దేశ ఉత్పత్తిలో దాదాపు సగం ఆగిపోతే, అది సౌదీపై దాడే గానీ తమపై కాదని ట్రంప్ తేల్చేశారు. 2025లో దోహా దాడి జరిగిన ఎనిమిది రోజులకు సౌదీ పాకిస్తాన్‌తో రక్షణ ఒప్పందం రాసుకుంది. ఆ మాటలు ముందు నుంచీ నడుస్తున్నవే అంటున్నారు, కావచ్చు. పాత కాపలాదారుపై నమ్మకముంటే కొత్తవాడితో పనేముంది?

1991లో ఇరాక్ చేతిలోంచి కువైట్‌ను విడిపించింది అమెరికా నాయకత్వంలోని సేనలే కదా అంటారు. నిజమే. నేను అప్పుడు కువైట్‌లో డ్రైవర్ని. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు వచ్చిన రోజే రాజుగారు సౌదీకి వెళ్లిపోయారు. మా కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) కూడా ఇంటికి తాళం వేసుకుని పోయాడు. నా పాస్‌పోర్ట్ ఆ ఇంట్లోనే ఉండిపోయింది. బాగ్దాద్ మీదుగా జోర్డాన్‌లోని అమ్మాన్ దాకా బస్సుల్లో, డేరాల్లో పడిన టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేను. అక్కడి నుంచి ఎయిరిండియా విమానాల్లో లక్షమందికి పైగా ఇంటికొచ్చాం. విమానం పంపింది మన దేశమే, చమురు కోసం వచ్చినవాళ్లు కాదు.

ఈ దాడుల్లో ప్రాణాలు పోయేదీ మనలాంటివాళ్లవే. 2022 జనవరిలో అబుదాబి చమురు డిపోపై యెమెన్ తిరుగుబాటుదారులు హౌతీలు చేసిన దాడిలో చనిపోయింది ముగ్గురు. ఇద్దరు మనవాళ్లు, ఒకరు పాకిస్తానీ.

క్షిపణి పడిన మర్నాడు పేపర్లలో బ్యారెల్ ధర వేస్తారు. దాంతోపాటు ఒక్క ప్రశ్న అడగండి: మళ్లీ అలాంటి రోజు వస్తే మనవాళ్లు ఏ దారిన బయటపడాలి, ఎవరికి ఫోన్ చేయాలి? కేంద్రం, రెండు తెలుగు రాష్ట్రాలు ఆ వివరాలను తెలుగులో ఇప్పుడే ఇవ్వాలి. ముఖ్యంగా ఖాదిం (ఇంటిపని) వీసా మీద వెళ్లిన ఆడవాళ్లకు. వాళ్లలో చాలామంది పాస్‌పోర్టులు ఈరోజుకీ కఫీల్ బీరువాలోనే ఉన్నాయి.

– కువైట్ నుంచి తిరిగొచ్చిన ఒక పాఠకుడు, రాజంపేట