గ్రాస్లీ అంటే హెచ్-1బీ ఒక్కటేనా?

సంపాదకులకు నమస్కారం.

చక్ గ్రాస్లీ పేరు మీ పత్రికలో ఎప్పుడు చూసినా పక్కనే హెచ్-1బీ ఉద్యోగ వీసా ఉంటుంది. నేను ఉండేది అమెరికాలోని అయోవాలో, ఆయన మా రాష్ట్ర సెనేటర్. ఉన్నదేమో హెచ్-1బీ మీద, కాబట్టి నాకు ఓటు లేదు. ఆయన పేరు వింటే మొన్నటి దాకా నాకూ టెన్షనే. మరో సెనేటర్ డిక్ డర్బిన్‌తో కలిసి 2007లో మొదటిసారి, 2025లో మళ్లీ తెచ్చిన వీసా బిల్లు ఎవరికి నిద్రపట్టనిచ్చింది కనుక!

నేను ఆస్పత్రుల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాను. ఏటా ఒక ఆన్‌లైన్ ట్రైనింగ్ తప్పనిసరి. టీ తాగుతూ నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కేసి చివర క్విజ్ గట్టెక్కడమే ఇన్నాళ్లూ చేసింది. ఈసారి ఎందుకో ఫాల్స్ క్లెయిమ్స్ యాక్ట్ స్లైడ్ దగ్గర ఆగాను. సైన్యానికి నాసిరకం సరుకు అంటగట్టే కాంట్రాక్టర్ల పని పట్టడానికి లింకన్ హయాంలో, 1863లో చేసిన చట్టమిది. 1943లో దాని కోరలు పీకేశారు. 1986లో మళ్లీ కోరలు మొలిపించిన సవరణను సెనేట్‌లో నడిపించింది గ్రాస్లీ. మెడికేర్‌కు, అంటే వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమాకు, పెట్టే దొంగ బిల్లుల గుట్టు తెలిసిన ఉద్యోగి ప్రభుత్వం తరఫున తనే దావా వేయొచ్చు. గెలిస్తే వసూలైన సొమ్ములో 15 నుంచి 30 శాతం దాకా అతనికి వస్తుంది.

అక్కడి నుంచి వెతుకుతూ పోతే ఇంకోటి దొరికింది. మందుల కంపెనీలు డాక్టర్లకు ఇచ్చేదంతా లెక్క చెప్పాలన్న 2010 నాటి నిబంధన వెనకా ఆయనే ఉన్నారు, అప్పటి సెనేటర్ హెర్బ్ కోల్‌తో కలిసి. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మా డాక్టర్ పేరు కొట్టి చూశాను. ఏదో కంపెనీ పెట్టించిన లంచ్ ఖర్చు కూడా సెంట్లతో సహా ఉంది!

ఇక గాలిమరలు. ఐ-80 హైవే మీద పడమటికి వెళ్తుంటే మొక్కజొన్న చేల మధ్య అవే కనిపిస్తాయి. గాలి కరెంటుకు 1992లో పన్ను రాయితీ తెచ్చినవాళ్లలో ఆయన ముఖ్యుడు. ఇప్పుడు మా రాష్ట్రంలో తయారయ్యే కరెంటులో సగానికి పైగా గాలిదే. సొంత పార్టీ అధ్యక్షుడు ట్రంప్‌కు గాలిమరలంటే గిట్టదు. అయినా ఆ రాయితీ నిబంధనల మీద పేచీతో 2025లో ట్రెజరీ నియామకాలు కొన్నింటిని ఈయన ఆపి కూర్చున్నారు.

ఆయన్ని పొగడటానికి ఇదంతా రాయడం లేదు. కంపెనీలో యాభై మందికి మించి ఉండి, వాళ్లలో సగం మంది హెచ్-1బీ, ఎల్-1 (కంపెనీ విదేశీ శాఖ నుంచి బదిలీ మీద వచ్చేవాళ్ల వీసా) వాళ్లయితే కొత్త హెచ్-1బీలు వద్దనడం నాకు ఇప్పటికీ నచ్చదు. కానీ నేను ఇక్కడికొచ్చిన కొత్తలో ఓ కన్సల్టెన్సీ నన్ను రెండు నెలలు ప్రాజెక్టు ఇవ్వకుండా బెంచ్ మీద కూర్చోబెట్టి పైసా ఇవ్వలేదు. బెంచ్ మీదున్నా జీతం ఇచ్చి తీరాలని చట్టం అప్పటికే ఉంది. అడిగితే వీసా ఏమవుతుందోనని నోరు మూసుకున్నాను. అడిగే అధికారం, తనిఖీలు చేసే అధికారం లేబర్ డిపార్ట్‌మెంట్‌కు పెంచాలన్నది కూడా అదే బిల్లులో ఉంది. ఆ మాట నేను మీ పత్రికలో చదవలేదు.

ఈసారి ఆ బిల్లు కదిలినప్పుడు 'మనోళ్లకు షాక్' అన్న హెడ్డింగ్ కింద ఆ తనిఖీల ముక్క కూడా వేయండి. నాలాగా బెంచ్ మీద కూర్చున్నవాళ్లు ఇక్కడ చాలామందే మీ పత్రిక చదువుతారు.

ఇట్లు,
ఒక పాఠకుడు, అయోవా