మొదటి ఏడాది నీళ్లు

చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. ఎంతో ఇష్టంగా నాటుకున్న మొక్కలు అలా ఎండిపోతే ఎంత బాధగా ఉంటుందో నాకు తెలుసు. “నీళ్లు లేకపోయినా బతుకుతాయన్నారు, మరి ఎందుకు చచ్చిపోయాయి నాన్నా?” అని అడిగావు. మొక్కలు అమ్మినవాళ్లు చెప్పింది అబద్ధం కాదమ్మా, సగం మాట. కవర్లో పెరిగిన మొక్కకు వేరు జానెడు కూడా ఉండదు. ఎండకు తట్టుకునే గుణం దాని జాతిలో ఉన్నా, వేరు లోపలికి దిగితేగానీ అది అక్కరకు రాదు. దానికి ఒక ఏడాదైనా పడుతుంది. ఆ ఏడాదంతా నీళ్లు పొయ్యాల్సిందే.

అలాగని రోజూ మగ్గుతో పైపైన తడపకు. పైమట్టిలోనే తడి దొరికితే వేరు కిందికి ఎందుకు వెళ్తుంది? పాదు నిండా పొయ్యి, ఇంకాక మళ్లీ ఒకసారి పొయ్యి, ఆపైన వదిలెయ్. రెండు కణుపుల లోతు వేలు దించి చూడు. చెమ్మ తగిలితే ఆ రోజు వద్దు. మధ్యాహ్నం ఆకులు వాడినా టెన్షన్ పడకు, చల్లబడ్డాక లేస్తాయి. తెల్లవారినా తల వాల్చే ఉండి, మట్టి కూడా పొడిగా ఉంటే అప్పుడు నిజంగా దాహం వేసినట్టు.

ఈసారి పూలు చూసి కాదు, ఆకులూ కాండమూ చూసి ఎంచుకో. నీటిని ఎలా కాపాడుకుంటుందో మొక్క తన ఒంటి మీదే చూపిస్తుంది. కలబంద ఆకులోనే నీళ్లు దాచుకుంటుంది. పగటి ఎండలో తేమ పోకుండా, ఆకు మీది సన్నని రంధ్రాలను ఎక్కువగా రాత్రిపూటే తెరుస్తుంది. ఎడారి గులాబీకి ఉబ్బిన మొదలే నీళ్లకుండ. అలాంటిదాన్ని నేను చేతులారా పోగొట్టుకున్నాను. వాడిపోతుందేమోనని రోజూ పోశాను, మొదలు మెత్తబడి కుళ్లిపోయింది. ఎండకు తట్టుకునే మొక్కలకు ఎండకన్నా నిలవ నీరే పెద్ద శత్రువని అప్పుడు తెలిసింది. నీ పెరట్లో బంకమట్టి ఉంటే ఎడారి గులాబీని కుండీలోనే ఉంచు.

గోడ పక్కకు కాగితం పూల తీగ పెట్టు. వేరు కుదురుకున్నాక నీళ్లు తగ్గించేకొద్దీ బాగా పూస్తుంది. ఎక్కువ పోస్తే ఆకులు గుబురుగా వస్తాయి, పూలు తగ్గిపోతాయి. మనం పూరేకులనుకునే ఆ రంగురంగులవి నిజానికి ఆకులే. అసలు పువ్వు వాటి మధ్య సన్నగా, తెల్లగా ఉంటుంది, ఈసారి దగ్గరికెళ్లి చూడు. ముందు వరసలో బిళ్లగన్నేరు సరిపోతుంది, దాని విత్తనాలు రాలి అవే మొలుస్తుంటాయి.

గన్నేరు సంగతి మాత్రం గట్టిగా చెబుతున్నాను. నీళ్లు లేకుండా నిలబడడంలో దానికి సాటి వచ్చేవి తక్కువే, పూలూ అందమే. కానీ ఆకు, పువ్వు, కొమ్మ, వేరు అన్నీ విషమే. దొరికిందల్లా నోట్లో పెట్టుకునే పసివాడు ఇంట్లో ఉన్నాడు. వాడికి ఊహ వచ్చేదాకా దాన్ని తేవద్దు. ఎడారి గులాబీ పాలు కూడా మంచివి కావు, బిళ్లగన్నేరు కూడా నోట్లోకి పోకూడదు. ఆ కుండీని ఎత్తున పెట్టు, ముందు వరసకు చిన్న కంచె కట్టు.

పెద్ద మొక్క కొంటే తోట తొందరగా నిండుతుందనుకుంటాం. చిన్నదే మేలు, త్వరగా వేరు పట్టుకుంటుంది. గుంటలో ఎరువు దండిగా వెయ్యకు, మెత్తటి చిగుళ్లు ఎక్కువగా వచ్చి నీళ్లు ఇంకా కావాలంటాయి. పాదులో ఎండుటాకులు రెండు మూడు అంగుళాల మందాన పరువు, మొదలుకు మాత్రం తగలనివ్వకు. నీళ్లు ఎక్కువ తాగే మొక్కలను వీటి పక్కన నాటొద్దు.

వానలు మొదలవగానే నాటితే సగం పని వానే చేసిపెడుతుంది. ఈలోగా ఒక సెలవు రోజు చూసుకుని పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం పెరటి ఫోటోలు మూడు తీసి పంపు. ఎండ ఎంతసేపు ఎక్కడ ఉంటుందో చూసి, ఏ మొక్క ఎక్కడ పెట్టాలో కాగితం మీద గీసి పంపిస్తాను.

ప్రేమతో,
నాన్న