రంగు సరే, లైటు సంగతి కూడా వేయండి

సంపాదకులు గారికి, నమస్కారం.

ఆదివారం అనుబంధంలో డస్టీ పింక్, అంటే కాస్త బూడిద కలిసిన గులాబీ రంగు గోడల గురించి మీరు వేసిన వ్యాసం నేను చదవకముందే నా ముందుకు వచ్చింది. పెయింట్ల దుకాణంలో రంగులు కలిపే మిషన్ దగ్గర నా ఉద్యోగం. సోమవారం షట్టర్ తీసిన కాసేపటికే ఒకావిడ ఆ పేజీని నాలుగు మడతలు పెట్టి తెచ్చి, కౌంటర్ మీద పరిచి, "అచ్చం ఇదే కావాలమ్మా" అన్నారు. ఆ వారమంతా అదే పేజీ, మనుషులు మాత్రం వేరు.

గిరాకీ తెచ్చిపెట్టారు, సంతోషం. కానీ "ఏ గదికైనా, ఏ వెలుతురులోనైనా నప్పే రంగు" అని రాశారు చూడండి, అక్కడే నాకు పేచీ. మా షేడ్ కార్డులో ఉన్న రంగులన్నిట్లోకీ వెలుతురును బట్టి ఇంతగా మారిపోయేది ఇంకోటి నేను చూడలేదు.

ముందు మీ ఫొటో సంగతే చెప్తాను. న్యూస్‌ప్రింట్ కాగితం అసలే తెల్లగా ఉండదు. దాని మీద ఎంత నిగనిగలాడే గులాబీ అచ్చు వేసినా కాస్త మాసినట్టే కనిపిస్తుంది. మీ పేజీలో జనం మెచ్చుకున్న ఆ మెత్తదనంలో సగం కాగితానిదే. ఫోన్‌లో ఫొటో చూపించేవాళ్లతోనూ ఇదే తంటా. బ్రైట్‌నెస్ పెంచితే ఒక రంగు, తగ్గిస్తే ఇంకో రంగు. నేను దేన్ని చూసి కలపాలి?

ఈ రంగు ఎందుకింత పెంకిదో తెలియాలంటే డబ్బాలోకి తొంగిచూడాలి. తెల్లటి బేస్‌లోకి మిషన్ ముందు రెడ్ ఆక్సైడ్ వదులుతుంది. ఎర్రమట్టికి ఎరుపునిచ్చే ఇనుప ఆక్సైడే అది. తర్వాత కొంచెం ఎల్లో ఆక్సైడ్, ఆఖర్న నలుపు. గులాబీలోని తళుకును అణిచేది ఆ నలుపే. ఏది ఎంత పడిందో మూత మీద అంటించే చీటీలో ఉంటుంది. మామూలు గులాబీలో ఒక చుక్క అటూఇటూ అయినా ఎవరికీ తెలియదు. దీంట్లో అలా కుదరదు. ఎరుపే అంతంతమాత్రం కాబట్టి చిన్న డబ్బాలో నలుపు రవ్వంత ఎక్కువైతే ఊదా వైపు, పసుపు ఎక్కువైతే గోధుమ వైపు జారిపోతుంది. ఇంకో చిక్కు ఉంది. ఇదే రంగును ఆక్సైడ్‌తో కాకుండా మెజెంటాతోనూ కలపొచ్చు. రెండు డబ్బాలూ మా దుకాణం లైట్ల కింద కవల పిల్లల్లా ఉంటాయి, ఇంటికెళ్లి వేరే బల్బు కింద పెడితే దేని దారి దానిది. ఈ రంగు అడిగినవాళ్లకు నేనైతే ఆక్సైడ్‌తో కలిపే షేడే చూపిస్తాను. ఎండకు వెలిసిపోదు, సిమెంటు గోడలోని క్షారాన్ని కూడా తట్టుకుంటుంది.

డబ్బాను షేకర్‌లో తిప్పాక మూత తీసి, ఒక చుక్క వేలితో మూత మీద రాసి, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి మరీ చూపిస్తాను. ఎమల్షన్ తడి మీద లేతగా ఉండి, ఆరాక ఒక మెట్టు ముదురుతుంది. ఆరేదాకా ఆగే ఓపిక లేనివాళ్లు "ఇంత పాలిపోయిందేంటి, ఇంకాస్త ఎరుపు వేయండి" అంటారు. వేయను. వేశాక వెనక్కి తీసే మిషన్ మా దగ్గర లేదు.

ఇక లైటు. బల్బు పెట్టె మీద 2700 కె అనో 3000 కె అనో ఉంటే (కె అంటే కెల్విన్, వెలుగు ఛాయను చెప్పే కొలత) అది పసుపు వెలుగు. దాని కింద డస్టీ పింక్ కాస్త నారింజ వైపు తిరిగి వెచ్చగా ఉంటుంది. అదే 6500 కె తెల్ల వెలుగు కింద ఎరుపు అణిగి, లోపలున్న బూడిద రంగు పైకి తేలుతుంది. ఒకసారి భార్యాభర్తలు వాదించుకుంటూనే మెట్లెక్కి వచ్చారు. "మీరే చెప్పండి మేడమ్, సిమెంటు రంగు గోడకు కొట్టించి పింక్ అంటున్నారీయన" అని ఆవిడ. "పొద్దున్నే లేచి ఒక్కసారి చూడవే, ఎంత బాగుంటుందో" అని ఆయన. ఆయన చూసేది తూర్పు కిటికీలోంచి ఎండ పడే వేళ. ఆవిడ ఉద్యోగం నుంచి వచ్చేసరికి రాత్రవుతుంది, చూసేది ట్యూబ్‌లైటు కింద. ఇద్దరి మాటా నిజమే. డబ్బా మార్చివ్వమని పట్టుబట్టారు. నేను బల్బు మార్చుకోమన్నాను, 3000 కెది, పెట్టె మీద సీఆర్ఐ 90కి పైన రాసి ఉన్నది. ఆ అంకె ఎక్కువుంటే రంగులు వాటి రంగులా కనిపిస్తాయి. ఆ గది గురించి మళ్లీ మాట రాలేదు. తర్వాత వాళ్లు వచ్చింది కిటికీ గ్రిల్స్‌కు ఎనామిల్ కోసం.

వేళను బట్టి మారే ఈ గుణాన్ని నమ్ముకుని యుద్ధానికి వెళ్లినవాళ్లూ ఉన్నారు. 1940లో లూయీ మౌంట్‌బాటెన్, తర్వాత భారత్‌కు చివరి వైస్రాయ్‌గా వచ్చినాయనే, తన యుద్ధనౌకలకు బూడిద కలిసిన గులాబీ వేయించాడు. ఉదయసంధ్యలో, మునిమాపు వేళ ఓడ కంటికి ఆనదని ఆయన లెక్క. పట్టపగలు మాత్రం ఆ లెక్క సరిగ్గా పనిచేయలేదు. శత్రువుకు కనపడకూడదని ఓడలకు పూసిన రంగు కోసం ఇప్పుడు పడకగదికంటూ క్యూ కడుతున్నారంటే నాకు నవ్వొస్తుంది.

మీ వ్యాసంలో "మనసును శాంతపరుస్తుంది" అని కూడా ఉంది. ఈ మాట ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు, ఎందుకంటే దాని వెనక ఒక పెయింటు ఫార్ములా ఉంది. 1979లో అమెరికాలోని సియాటెల్‌లో నౌకాదళ నిర్బంధ కేంద్రంలో ఒక గదికి గులాబీ వేసి, లోపలున్నవాళ్లు నెమ్మదించారని చెప్పారు. అలెగ్జాండర్ షాస్ అనే ఆయన ఆలోచన అది. దాన్ని బేకర్-మిల్లర్ పింక్ అంటారు. ఒక గ్యాలన్ తెల్ల ఎమల్షన్‌లో ఒక పింట్ ఎరుపు, అంటే ఎనిమిదికి ఒకటి. నలుపు లేదు, ఆక్సైడ్ లేదు. అది కొట్టొచ్చినట్టు కనపడే గులాబీ, డస్టీ పింక్‌కు చుట్టం కూడా కాదు. పైగా స్విట్జర్లాండ్ జైల్లో గట్టిగా పరీక్షించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో తెల్ల గదికీ, గులాబీ గదికీ తేడా కనిపించలేదు. నచ్చింది కాబట్టి వేయించుకుంటున్నాం అంటే చాలదా? మందుచీటీ ఎందుకు?

మగపిల్లల గదికి పింకేమిటని జంకే తండ్రులకు ఒక్క మాట. 1918లో ఒక అమెరికన్ బట్టల వ్యాపార పత్రిక గులాబీని మగపిల్లలకూ, నీలాన్ని ఆడపిల్లలకూ సిఫారసు చేసింది. కాబట్టి ధైర్యంగా వేయించండి.

రంగు చెడిపోయేది ఎక్కువగా దాని పక్కనున్నవాటి వల్ల. 1839లో షెవ్రూల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త దీని మీద పుస్తకమే వేశాడు. గోబెలిన్ తివాసీల కార్ఖానాలో అద్దకాల పెద్ద ఆయన. నలుపు దారం సరిగ్గా రాలేదని ఫిర్యాదులొస్తే పరీక్షించి, దోషం అద్దకానిది కాదు, పక్కన నేసిన దారాల రంగుదని తేల్చాడు. నాకు వచ్చే ఫిర్యాదుల్లోనూ చాలావాటికి జవాబు అదే. పాలలాంటి తెలుపు తలుపుల పక్కన డస్టీ పింక్ మురికిగా కనిపిస్తుంది. అదే తలుపుకు పసుపు ఛాయ ఉన్న ఆఫ్ వైట్ వేయండి, గోడ తేటపడుతుంది. ముదురు చెక్కతో దీనికి బాగా కుదురుతుంది. ఆలివ్ లాంటి మట్టి ఆకుపచ్చ పక్కన పెడితే గోడలోని ఎరుపు పైకి లేస్తుంది. సీలింగ్‌ను మాత్రం అలాగే తెల్లగా వదిలేయకుండా గోడ రంగును అందులో కాస్త కలిపి వేయించమంటాను. నేలనూ మరవొద్దు. ఎర్ర ఫ్లోరింగ్ మీద పడిన ఎండ గోడకు ఎక్కి, మీరు అడగని ఎరుపు ఇస్తుంది. నాలుగు గోడలకూ ఇదే రంగయితే ఒకదాని రంగు ఒకదాని మీద పడి అన్నీ ముదురుతాయి. అందుకే కార్డులో నచ్చినదానికి ఒక మెట్టు లేతది తీసుకోమంటాను. ఈ సలహా వినేవాళ్లు తక్కువ.

పాత గోడ మీద చిన్న ప్యాచ్ వేసి నిర్ణయించుకోవద్దని కూడా మీరు రాయాల్సింది. కింది పాత రంగు కంటిని మోసం చేస్తుంది. రెండు అడుగుల అట్టకు రెండు పూతలు వేసి, చుట్టూ తెల్ల అంచు వదిలి, పొద్దున కిటికీ దగ్గర, రాత్రి దీపం కింద, సోఫా వెనక, తలుపు పక్కన పెట్టి చూసుకోవాలి. నచ్చితే గదికి సరిపడా ఒకేసారి కొనాలి. డబ్బాలు ఎక్కువైతే అన్నిటినీ ఒకే పెద్ద బకెట్లో పోసి కలిపేయమని పెయింటర్‌కు చెప్పాలి. లేకపోతే గోడ మధ్యలో డబ్బా మారిన చోటు కనిపిస్తుంది. ఆ మూత మీది చీటీని ఫొటో తీసి ఉంచుకోండి. మళ్లీ టచప్ కావాల్సి వస్తే "అప్పుడెప్పుడో పింక్ తీసుకున్నాం కదా" అంటే నేను కలపలేను.

ఇంతకీ మిమ్మల్ని కోరేది చిన్నదే. ఇకమీద గది ఫొటో వేసినప్పుడు కింద ఒక లైను అదనంగా ఇవ్వండి. ఫొటో పగటి వెలుగులో తీసిందా, బల్బు కిందా? బల్బయితే ఎన్ని కెల్విన్లు? తలుపులది ఏ తెలుపు? నేలది ఏ రంగు? షేడ్ పేరు వేయకపోయినా పర్వాలేదు. ఈ నాలుగూ ఉంటే ఆ రంగు దగ్గరికి నేను ఎలాగోలా చేరుకుంటాను.

ఇట్లు,
పెయింట్ల దుకాణంలో రంగులు కలిపే ఒక పాఠకురాలు