ఎస్టిమేట్ కంటే ముందు పార్కుకు నక్షా కావాలి

సంపాదకులకు,

అయ్యా,

కాలనీ పార్కు మంజూరైందంటే ఆఫీసులో మొదట తయారయ్యేది ఎస్టిమేట్. కాంపౌండ్ గోడ ఇన్ని మీటర్లు, పేవర్ బ్లాకులు ఇన్ని చదరపు మీటర్లు, సిమెంటు బల్లలు ఇన్ని, ఓపెన్ జిమ్ ఒక సెట్టు. రేట్ల పుస్తకంలో ఉన్న ఐటమ్‌కే బిల్లు అవుతుంది కనుక బిల్లు అయ్యేవే పార్కులోకి వస్తాయి. పొద్దుటి నీడ ఎటు పడుతుంది, వాన నీళ్లు ఎటు పారతాయి, పెద్దవాళ్లు ఏ గేటు నుంచి వస్తారు అన్నవాటికి రేటు లేదు, వాటిని ఎవరూ గీయరు. సివిల్ డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి రిటైరైన నేను ఈ లేఖ రాస్తున్నది ఆ ఒక్క సంగతి గురించే. ఎస్టిమేట్ వేయకముందే పార్కుకు నక్షా ఉండాలి. దాన్ని పైసా తీసుకోకుండా గీసిపెట్టగలవాళ్లు పాలమూరు (మహబూబ్‌నగర్) వైపు ప్రతి పట్టణంలోనూ దొరుకుతారు. వాళ్లు గీసిన కాగితాన్ని ఫైలులో పెట్టుకునే పద్ధతే ఇంకా రాలేదు.

డబ్బు లేదనే మాట నేను పూర్తిగా ఒప్పుకోను. 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం పట్టణ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించమంది. నాటిన మొక్కల్లో కనీసం 85 శాతం బతకాలని, లేకుంటే వార్డు ప్రజాప్రతినిధి, అధికారి జవాబు చెప్పుకోవాలని కూడా అందులోనే ఉంది. ప్రతి వార్డులో యువకులకొకటి, మహిళలకొకటి, వయసు మళ్లినవాళ్లకొకటి, ప్రముఖులకొకటి చొప్పున, ఒక్కోదానిలో 15 మందితో నాలుగు కమిటీలు ఉండాలన్నదీ ఆ చట్టమే. ఇన్ని రాసుకున్నాం. ఏ మొక్క ఏ మూలన పెడితే బతుకుతుందో చెప్పే కాగితం మాత్రం ఎవరి చేతిలోనూ ఉండదు.

నీళ్ల సంగతే చూడండి. మనది ఎర్ర చెలక నేల, శివరాత్రి దాటితే బోర్లు దగ్గే ప్రాంతం. ఎకరం పార్కులో ఒక సెంటీమీటరు వాన కురిస్తే పడేది నలభై వేల లీటర్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది! గచ్చు చేసి, వాలు రోడ్డు వైపుకు పెట్టిన పార్కులో అందులో చాలా భాగం మోరీ పాలు. ఏప్రిల్ వచ్చేసరికి అదే పార్కుకు ట్యాంకర్ తెప్పిస్తాం. నక్షా గీసేవాడు ముందుగా లెవెల్ పైపు పట్టి జాగ ఎటు వాలుగా ఉందో చూస్తాడు. నడిచే బాటను జానెడు ఎత్తులో, మొక్కల మడులను పల్లంలో గీస్తాడు. మన పార్కుల్లో తరచుగా కనిపించేది దీనికి తలకిందులు. మడి చుట్టూ ఇటుకలు పేర్చి, మట్టి నింపి ఎత్తు చేసి, ఎరుపూ తెలుపూ రంగులేస్తారు. వాన పడితే బాట మీద నీళ్లు నిలుస్తాయి, మడి ఎండుతుంది. పల్లపు మూలన ఒక ఇంకుడు గుంత తీసి, దాని చుట్టూ కానుగ, నేరేడు పెట్టడానికి పెద్ద నిధులేమీ అక్కర్లేదు, ముందుగా ఆలోచించిన మనిషి కావాలి.

ఇక లాన్. వెయ్యి చదరపు మీటర్ల గడ్డికి ఎండాకాలం రోజుకు అయిదు మిల్లీమీటర్ల నీళ్లు పెట్టినా అయిదు వేల లీటర్లు అవుతాయి, అంటే రోజుకో ట్యాంకర్. అంత తాగించి పెంచిన గడ్డి మీద నడవకూడదని బోర్డు కూడా పెడతారు. ఈ బోర్డు రాయించే ఆలోచన మొదట ఎవరికి వచ్చిందో తెలిస్తే బాగుండును.

చెట్ల విషయంలో మనం ఇప్పటికే ఫీజు కట్టి పాఠం నేర్చుకున్నాం. మొక్కలు నాటే హరితహారం పథకంలో కోనోకార్పస్‌ను విరివిగా నాటించిన ప్రభుత్వమే తర్వాత దాన్ని నాటవద్దంది. త్వరగా పెరుగుతుంది, పశువులు ముట్టవు అన్నవే దానికున్న యోగ్యతలు. మన గుట్టల మీది సీతాఫలాన్ని కూడా మేకలు ముట్టవు. పైగా దేశమంతా నాటే బాలానగర్ రకానికి ఆ పేరు వచ్చింది మన పాలమూరు బాలానగర్ నుంచే. తంగేడునూ పశువులు మేయవు, నీళ్లు అడగదు, నడుమెత్తు కంచెగా చక్కగా నిలుస్తుంది, రాష్ట్ర పుష్పం కూడా. కంచె కోసం ఇనుప జాలీ ఎస్టిమేట్ వేసే ముందు ఎవరైనా ఈ ముక్క చెప్పి ఉండాల్సింది. నేరేడు మంచి చెట్టే, అయితే వాకింగ్ ట్రాక్ పక్కన పెడితే జూన్‌లో పండ్లు రాలి బాట జారుతుంది. రావి, మర్రి కరెంటు తీగల కింద, గోడ పక్కన పెట్టేవి కావు. మొక్కకూ మొక్కకూ ఎడమెంత అన్నది ఇరవై ఏళ్ల తర్వాతి చెట్టును తలచుకుని గీయాలి. చేతిలో ఉన్న జానెడు మొక్కను చూసి గీస్తే కాదు. గుంతలు ఎండాకాలంలోనే తవ్వి ఎండనిచ్చి, మృగశిర, ఆరుద్రలో నాటడం మన రైతుకు కొత్త సంగతి కాదు. టెండరు తేదీలకే కార్తెలు పట్టవు.

మన పాలమూరు పాత మర్రిచెట్టు పిల్లలమర్రికి చెదలు పట్టినప్పుడు, 2018లో, అటవీ శాఖ వాళ్లు సెలైన్ సీసాలు కట్టి చుక్క చుక్కగా మందు ఎక్కించారు. దాదాపు 700 ఏళ్ల చెట్టు కోసం అంత శ్రమ పడ్డందుకు అందరం సంతోషించాం. కాలనీల్లో నలభై ఏళ్ల వేప మొదలు దాకా పేవర్ బ్లాకులు పరిచేటప్పుడు ఆ శ్రద్ధ ఎటు పోతుందో! 2013లో జాతీయ హరిత ట్రైబ్యునల్ ఢిల్లీలో చెట్ల మొదళ్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయమని ఆదేశించింది. మన దగ్గర ఆదేశం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. నక్షాలో చెట్టు చుట్టూ ఒక గుండ్రటి గీత గీసి, లోపల మట్టి అని రాస్తే మేస్త్రీ అంతవరకే పరుస్తాడు. గీత లేనప్పుడు ఖాళీ వదిలితే కొలత తగ్గుతుందని మొదలంటా పరుస్తాడు, అతణ్ణి తప్పుపట్టి లాభం లేదు.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది పార్కు నడిబొడ్డున కట్టే ఫౌంటెన్. ప్రారంభోత్సవం నాడు చిమ్ముతుంది. తర్వాత అందులో చెత్త, వానాకాలం దోమలు. అది ఆక్రమించిన జాగ ఏమిటంటే, ఆడవాళ్లు బతుకమ్మ చుట్టూ వలయంగా తిరిగే చదునైన మైదానం. తొమ్మిది రోజులు ఆడేది రోడ్డు మీద, సద్దుల నాడు బండ్లు ఆపించి. కాలనీ ఆడవాళ్లను కూర్చోబెట్టి నడుమ ఏం కావాలని అడిగితే ఫౌంటెన్ అని ఒక్కరూ అనరు. పదిహేను మీటర్ల చదునైన నేల, ఒక పక్క జమ్మి చెట్టు, అంచుల్లో గునుగు, తంగేడు, చీకటి పడ్డాక కళ్లల్లో కొట్టని దీపాలు. అంతే అడుగుతారు. పిల్లలు పట్ట పగలు ఉయ్యాల ఇనుము ముట్టుకోలేరు కాబట్టి ఆట సామాను పడమటి చెట్టు నీడలోకి జరపమనేది తల్లులే. చక్రాల కుర్చీ రావాలంటే ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవున ర్యాంపు ఉండాలి. గేటు దగ్గర పశువులు రాకుండా పెట్టే ఇనుప అడ్డం ఆ కుర్చీని కూడా రానివ్వదు. ఇవన్నీ కూర్చుని మాట్లాడితే బయటపడేవి.

ఎవరు గీస్తారు అంటారా? హైదరాబాద్‌లో ఆర్కిటెక్చర్ చదివే పాలమూరు పిల్లలు సెలవులకు ఇంటికొస్తారు. వనపర్తి జిల్లా మోజెర్లలో ఉద్యాన కళాశాల ఉంది. పాలిటెక్నిక్, ఐటీఐ పిల్లలకు సర్వే నేర్పుతారు, కొలవడానికి నిజమైన జాగ ఇస్తే వాళ్లకూ మేలే. నా దృష్టిలో వీళ్లందరికంటే ముందు పిలవాల్సింది మేస్త్రీలను. దేశంలో ఎన్నో ప్రాజెక్టులకు కట్టలు పోసి, కాలువలు తవ్వింది పాలమూరు లేబర్. వాలు చూడగానే నీటి దారి చెప్పగలిగిన పెద్ద మేస్త్రీలు వయసై ఇంటికి చేరారు. డ్రాయింగ్ గీసే పిల్లవాడి పక్కన ఒక పెద్ద మేస్త్రీ కూర్చుంటే ఆ నక్షా దారి తప్పదు.

స్వచ్ఛందంగా గీసిందల్లా గొప్పదేమీ కాదు. ఉచితం పేరుతో ఫోన్‌లో చూసిన దుబాయ్ తోటను దింపినవాళ్లున్నారు. రాయల్ పామ్ వరుసలు, గులకరాళ్ల వాగు, మధ్యలో వంతెన. రంగుల బొమ్మ చూసి ఆఫీసు మురిసింది, నీళ్ల లెక్క అడగలేదు. అందుకే నక్షాతోపాటు మూడేళ్ల నిర్వహణ కాగితం కూడా అడగాలి. రోజుకు ఎన్ని నీళ్లు, ఎవరు పోస్తారు, ఎండిన మొక్క స్థానంలో ఏది, ఎప్పుడు. అది ఇవ్వలేనివాడు బొమ్మ గీశాడనే లెక్క. ఆ నీళ్లు పోసే పని కాలనీ స్వయం సహాయక సంఘానికి జీతం ఇచ్చి అప్పగించాలి. గీయడం ఉచితం కావచ్చు, రోజూ నీళ్లు పోయడం ఉచితంగా ఆశించడం అన్యాయం.

చండీగఢ్‌లో రోడ్ల ఇన్‌స్పెక్టర్ నేక్‌చంద్ 1957 నుంచి పగిలిన పింగాణీ, గాజు ముక్కలతో ఎవరికీ చెప్పకుండా ఒక తోట కట్టాడు. ప్రభుత్వ భూమిలో అనుమతి లేని పని కనుక కూల్చేయాలనే మాటా వచ్చింది. చివరికి 1976లో దాన్నే ప్రజలకు తెరిచి, అతనికి జీతమిచ్చి, యాభై మంది కూలీలను అప్పగించారు. మన పిల్లలు దొంగచాటుగా పనిచేయాల్సిన అవసరం రాకూడదు కదా.

నేను కమిషనర్లను కోరేది చిన్నది. ఏ పార్కుకైనా ఎస్టిమేట్ తయారు చేసే ముందు ఆ జాగ కొలతలు, బోరు వివరం, ఉన్న చెట్లు, తీగలు, పైపుల దారి ఒక కాగితం మీద నోటీసు బోర్డులో పెట్టండి. నెల రోజులు గడువిచ్చి నక్షాలు తీసుకోండి. ఎంపికైన దాన్ని పార్కు గేటుకు పదిహేను రోజులు వేలాడదీసి, వార్డు కమిటీ సంతకాలతోనే ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారికి పంపండి. ఎస్టిమేట్ ఆ నక్షా నుంచి పుట్టాలి. బడ్జెట్ కూర్పు ఫిబ్రవరి, మార్చిలో ఉంటుంది కనుక ఈ పని దసరా అయ్యాక మొదలుపెడితే సరిపోతుంది, ఎండాకాలంలో గుంతలు, మృగశిరకు మొక్కలు. నా దగ్గర టేపు, లెవెల్ పైపు, డ్రాయింగ్ బోర్డు ఉన్నాయి. ఏ వార్డు పిలిచినా కొలతలకు వస్తాను. బస్సు చార్జీ కూడా వద్దు.

ఇట్లు,
ఒక విశ్రాంత డ్రాఫ్ట్స్‌మన్,
పాలమూరు